మా ఊరి పక్కన ఊక కరెంటు ప్లాంటు వస్తోంది. మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

గౌతమిగట్టు

మాది మండపేట పక్కన ఒక ఊరు. ఊరికి కిలోమీటరు దూరంలో, పంట కాలువని ఆనుకుని 6 మెగావాట్ల ఊక కరెంటు ప్లాంటు పెడతామని ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. పొలం బేరం అయిపోయింది. వచ్చే నెల గ్రామసభలో తీర్మానం పెడతారట. వాళ్ళు పంచిన కరపత్రంలో "పర్యావరణహిత విద్యుత్తు, కాలుష్యం సున్నా" అని ఉంది. ఊళ్ళో సగం మంది ఉద్యోగాలు వస్తాయని సంతోషంగా ఉన్నారు, మిగతా సగం బూడిదకి భయపడుతున్నారు. మా నాన్నకి ఆయాసం. ఏడాదికి రెండు మూడు సార్లు కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్తాం. అందుకే నాకు టెన్షన్.

నేను వద్దనడానికి రాలేదు. మిల్లుల్లో ఊక గుట్టలుగా పడి ఉంటుంది కదా, దాంతో కరెంటు తీస్తే మంచిదే అని నాకూ అనిపిస్తుంది. కానీ ఒక ప్లాంటు పది కాలాలు నిలబడేదా, ఊరికి మేలు చేసేదా అని తేల్చాలంటే ఏం చూడాలి? సభలో ఏం అడగాలి?

బాయిలర్_బాబాయ్

22 ఏళ్ళు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్ల దగ్గర పనిచేశానమ్మా. కాలుష్యం సున్నా అనేది అబద్ధం. ఊక కాలిస్తే దాని బరువులో ఐదో వంతు బూడిద మిగులుతుంది. బొగ్గు బూడిద కంటే తేలిక, చిన్న గాలికే లేస్తుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, ఊపిరితిత్తులకి మంచిది కాదు. పొగ గొట్టానికి ముందు ఏం పెడుతున్నారో అడగండి. ఒట్టి సైక్లోన్ (పొగని గిరగిరా తిప్పి దుమ్ముని కింద పడేసే డబ్బా) పెడితే పెద్ద రేణువులే ఆగుతాయి, సన్న దుమ్ము మీ వాకిట్లోకే వస్తుంది. ఈఎస్‌పీ (కరెంటుతో పొగలో దుమ్ముని పట్టే యంత్రం) గానీ బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచుల వడపోత) గానీ ఉండాలి. పెట్టడం ఒక్కటే కాదు, రాత్రి పూట ఆపేయకుండా నడపాలి.

పెసరట్టు_ఉప్మా

మా వీధిలో మేడ మీద రాత్రి ఆరేసిన బట్టలు తెల్లారేసరికి నల్లగా అయ్యేవి. మిల్లు వాళ్ళని అడిగితే "అది మాది కాదు" అనేవారు. బాబాయ్ గారు చెప్పిన రాత్రి సంగతి నూటికి నూరు పాళ్ళు నిజం.

లెక్కల_మాస్టారు

ముందు ఇంధనం లెక్క చూద్దాం, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

6 మెగావాట్లు రోజంతా నడిస్తే 1,44,000 యూనిట్లు. ఇలాంటి చిన్న ప్లాంట్లలో యూనిట్‌కి సుమారు 1.4 కిలోల ఊక పడుతుంది. అంటే రోజుకి 200 టన్నులు. ధాన్యం బరువులో ఊక 20 శాతం, కాబట్టి రోజూ 1000 టన్నుల ధాన్యం ఆడితే గానీ అంత ఊక రాదు. ఎకరానికి 33 బస్తాలు వేసుకోండి, బస్తా 75 కిలోలు, సుమారు రెండున్నర టన్నులు. అంటే రోజుకి 400 ఎకరాల పంట. ఏడాదిలో 330 రోజులు నడిస్తే 1,32,000 ఎకరాల పంట. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ పండే పొలమైతే 66 వేల ఎకరాల ఊక మొత్తం ఈ ఒక్క ప్లాంటుకే పోవాలి.

బూడిద రోజుకి 40 టన్నులు. ఊక తేలిక కాబట్టి లారీకి 8 నుంచి 10 టన్నులే పడుతుంది. రోజుకి ఇరవై పైచిలుకు లారీలు మీ రోడ్డు మీద లోడుతో వచ్చి ఖాళీగా వెళ్తాయి.

లంకబుల్లోడు

66 వేల ఎకరాలా! మాస్టారూ, ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా మీకు బాకీ పడ్డాం.

మిల్లు_గుమస్తా

మాస్టారి లెక్కలో ఒక మాట కలపాలి. "మిల్లుల్లో గుట్టలుగా పడి ఉంటుంది" అనేది ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఉప్పుడు మిల్లులన్నీ తమ ఊకని తమ బాయిలర్లోనే కాల్చుకుంటాయి. పచ్చి బియ్యం మిల్లుల్లో మిగిలిన దానికి ఇటుక బట్టీలు, కోళ్ళ ఫారాలు పోటీ. కొత్త ప్లాంటు ఒకటి వస్తే ఊక ధర పెరుగుతుంది, మాకు సంతోషమే. కానీ ఆ ధర ప్లాంటుకి గిట్టకపోతే ఏం చేస్తుంది? ఆ ప్రశ్న తప్పకుండా అడగండి.

గౌతమిగట్టు

ఏం చేస్తుందండీ?

మిల్లు_గుమస్తా

బొగ్గు కలుపుతుంది. లేదంటే మూతపడుతుంది. రెండూ చూశాను.

ఈఈఈ_కాకినాడ

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. 15 మెగావాట్ల లోపు బయోమాస్ ప్లాంట్లకి, బొగ్గు లాంటి సహాయ ఇంధనం 15 శాతం మించనంత వరకు, కేంద్ర చట్టం కింద తీసుకునే పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అందుకే మీ ఊళ్ళో పెద్ద ప్రాజెక్టులకి జరిగే ప్రజాభిప్రాయ సేకరణ జరగకపోవచ్చు. మీ గ్రామసభే మీకు దొరికే అవకాశం. కాలుష్య నియంత్రణ మండలి నుంచి మాత్రం కట్టే ముందు సీఎఫ్ఈ (స్థాపనకి అనుమతి), నడిపే ముందు సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి) తీసుకోవాలి. ఆ కాగితాల్లో ఊక ఎంత, బొగ్గు ఎంత, నీరు ఎక్కడి నుంచి అని రాసి ఉంటుంది. కాపీ అడగండి.

ఇక అసలు ప్రశ్నకి. ఒక కరెంటు పద్ధతిని పేరుని బట్టి కాదు, పుట్టుక నుంచి చావు దాకా చూడాలి. యంత్రం తయారీ, ఇంధనం పండించడం, మోయడం, కాల్చడం, చివరికి కూల్చి పారేయడం, అన్నీ కలిపి యూనిట్‌కి ఎంత కార్బన్ అని లెక్కేస్తారు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో మధ్యస్థ అంకెలు ఇవి: బొగ్గు 820 గ్రాములు, గ్యాస్ 490, బయోమాస్ 230, ఇంటి మీద సోలార్ 41, జలవిద్యుత్తు 24, అణు 12, నేల మీద గాలిమరలు 11. ఊక మిగులు సరుకు కాబట్టి, దగ్గర్లోనే దొరికితే 230 కంటే తక్కువే పడొచ్చు. వంద కిలోమీటర్ల నుంచి డీజిల్ కాల్చి తెస్తే ఆ మేలు కొంత రోడ్డు మీదే కరిగిపోతుంది. బొగ్గు కలిపితే చెప్పక్కర్లేదు.

గోదారి_తమ్ముడు

ఇంత గొడవ ఎందుకండీ, మన కాళ్ళ కింద గ్యాస్ ఉంది కదా. బొగ్గులో సగం కార్బన్, బూడిద లేదు, దుమ్ము లేదు. దాంతోనే కరెంటు తీసుకుంటే సరిపోదా?

పాశర్లపూడి_పొరుగు

తమ్ముడూ, 1995 జనవరిలో నేను ఎనిమిదో తరగతి. పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. మా ఊళ్ళో రాత్రి దీపం పెట్టక్కర్లేనంత వెలుతురు. ఆ హోరుకి మా నానమ్మకి నిద్ర పట్టేది కాదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి, టీ కాచుకుంటున్నవాళ్ళు, నిద్రలో ఉన్నవాళ్ళు, మొత్తం 20 మందికి పైగా పోయారు. వాళ్ళలో మాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. గ్యాస్‌కి బూడిద ఉండదన్న మాట మా వైపు ఎవరి ముందూ అనకండి.

గోదారి_తమ్ముడు

క్షమించండి అన్నా. ఆ ఉద్దేశంతో అనలేదు.

పాశర్లపూడి_పొరుగు

తెలుసు తమ్ముడూ. నీ మీద కోపం కాదు. ఊళ్ళ కింద నుంచి తీసిన గ్యాస్ ఎక్కడో నగరాల్లో పొయ్యి వెలిగిస్తుంది, ప్రమాదం మాత్రం మా కొబ్బరి తోటల్లో ఉంటుంది. ఏ ప్లాంటైనా సరే, లాభం ఎవరిది, భయం ఎవరిది అని కూడా లెక్క రాయాలి. అది గ్రాముల్లో రాదు.

ఈఈఈ_కాకినాడ

గ్యాస్ గురించి ఇంకో రెండు విషయాలు. ఈ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. కాల్చకుండా లీకైన మీథేన్ ఇరవై ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకి పైగా వేడి పట్టి ఉంచుతుంది. పైపుల్లో, బావుల దగ్గర లీకు ఎంత అన్నది తేలకుండా "బొగ్గులో సగం" అనలేం.

రెండోది, ఎంతకాలం వస్తుందన్నది. మన తీరం దగ్గర సముద్రం అడుగున ఉన్న కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ 2009లో మొదలైంది, మరుసటి ఏడాదే రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. మూడు నాలుగేళ్ళలో నాలుగో వంతుకి పడిపోయింది. దాన్ని నమ్మి రాజమండ్రి చుట్టుపక్కల కట్టిన ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి. సామర్లకోట దగ్గర 2400 మెగావాట్లకి కట్టినదానికి గ్యాసే రాలేదు. కట్టిన సిమెంటు, ఇనుము, పెట్టిన అప్పు, ఇచ్చిన పొలం అన్నీ అలాగే ఉండిపోయాయి. గౌతమిగట్టు గారి ఊక ప్లాంటుకీ ఇదే ప్రశ్న: 20 ఏళ్ళు ఇంధనం ఇస్తామని మిల్లుల దగ్గర ఒప్పందం ఉందా?

చెరువుగట్టు_భీమవరం

మీరంతా ఎంత అని అడుగుతున్నారు. నేను ఎప్పుడు అని అడుగుతాను.

నాకు వనామి రొయ్యల చెరువులు ఆరు ఎకరాలు. పగలు నీటిలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. ఆ టైంలో ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగితే అరగంటలో రొయ్య తేలిపోతుంది. నాలుగు నెలల కష్టం, అప్పు తెల్లారేసరికి చెరువు గట్టు మీద గుట్ట. రెండేళ్ళ కిందట ఒక్క రాత్రి కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి ఒక చెరువు మొత్తం పోగొట్టుకున్నాను.

అందరూ సోలార్ పెట్టుకోమంటారు. పగలు పన్నెండింటికి నాకు ఏరియేటర్లతో పెద్దగా పని లేదు. తెల్లారి నాలుగింటికి సూర్యుడు లేడు. ఊక ప్లాంటు రాత్రంతా తిరుగుతుంది కదా, ఆ విలువ మీ గ్రాముల లెక్కలో ఉందా ఇంజనీరు గారూ?

ఈఈఈ_కాకినాడ

లేదండీ. మీరన్నది నూరు శాతం నిజం, నేను చెప్పకుండా వదిలేశాను. ఏ గంటలో ఇస్తుంది అన్నది విడిగా చూడాల్సిందే.

మాస్టారి లెక్క ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే, ప్లాంటు సొంత వాడకం పోను రోజుకి 1,30,000 యూనిట్లు బయటికి వస్తాయి. ఒక కిలోవాట్ సోలార్ రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి అంత కరెంటుకి 32 మెగావాట్లకి పైగా సోలార్ కావాలి. నేల మీద పెడితే మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు, మొత్తం 130 నుంచి 160 ఎకరాల డెల్టా మాగాణి పోతుంది. ఇళ్ళ మీద పెడితే 11 వేల ఇళ్ళకి మూడేసి కిలోవాట్లు. అయినా అది పగటి కరెంటే. రాత్రికి బ్యాటరీ కావాలి, దాని తయారీ ఖర్చు మళ్ళీ లెక్కలోకి వస్తుంది.

రైతుబిడ్డ_ఆలమూరు

రెండు పంటలు, ఆపైన అపరాలు పండే నేల మీద ప్యానెళ్ళు పరచడం నాకు మనస్కరించదు. మిల్లుల రేకుల షెడ్లు ఎన్ని లేవు? గోడౌన్ల పైకప్పులు, కాలువల మీద జాగా వాడుకోవచ్చు. గుజరాత్‌లో నర్మదా కాలువ మీద 2012లోనే పెట్టి చూపించారు.

అంతర్వేది_గాలి

ఇంటి మీద సోలార్ పెట్టినవాడిగా నా అనుభవం. 2024లో సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు పెట్టించాను. 78,000 సబ్సిడీ ఖాతాలో పడింది. ఎండాకాలం రోజుకి 13 యూనిట్లు కూడా వచ్చాయి, ముసురు పట్టిన రోజుల్లో మూడు నాలుగు. బిల్లు బాగా తగ్గింది. ప్యానెల్ తయారీకి పట్టిన శక్తిని ఒకటి రెండేళ్ళలో తిరిగి ఇచ్చేస్తుందని ఇంజనీర్లు చెప్తారు, 25 ఏళ్ళు పనిచేస్తుందంటారు. కానీ మా ఉప్పు గాలికి ఫ్రేము బోల్టులు ఏడాదికే తుప్పు పట్టాయి. బిగించినవాళ్ళు మామూలు బోల్టులు వేశారు. స్టెయిన్‌లెస్ స్టీలువి కొని నేనే మార్పించుకున్నాను. ప్యానెళ్ళ మీద ఉప్పు పొర కడుక్కోకపోతే ఉత్పత్తి పడిపోతుంది.

1996 నవంబరు తుఫానులో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోవడం మా నాన్న కళ్ళారా చూశారు. అలాంటి గాలి మళ్ళీ వస్తే ఈ ఫ్రేములు ఆగాలి. సముద్రం ఒడ్డున 25 ఏళ్ళ లెక్క వేసేటప్పుడు అది కూడా చూడాలి.

సీలేరు_విశ్రాంతి

జలవిద్యుత్తు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను సీలేరు జలవిద్యుత్తు కేంద్రాల్లోనే ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. డెల్టా వాళ్ళు ఒక సంగతి మరిచిపోతుంటారు. పైన మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి తిరుగుతోంది. దాని కింద ఎగువ సీలేరు 240 మెగావాట్లు, మోతుగూడెం పక్కన దిగువ సీలేరు నా రోజుల్లో 460. ఆ టర్బైన్లు తిప్పిన నీరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, ధవళేశ్వరం చేరుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోదావరిలో సొంత నీరు తగ్గిపోయాక మీ దాళ్వాకి ఆ సీలేరు నీరే పెద్ద ఆసరా. ఒకే నీటి చుక్క ముందు కరెంటు ఇస్తుంది, తర్వాత అన్నం పెడుతుంది. చెరువుగట్టు గారు అడిగిన తెల్లవారుజాము కరెంటు కూడా నిమిషాల్లో ఇవ్వగలదు. ఇంతకంటే నిలకడైనది ఇంకేం కావాలి?

లంకబుల్లోడు

సీలేరు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేను ఒప్పుకోను. జలాశయం కింద మునిగిన ఆదివాసీ ఊళ్ళు ఏ లెక్కలో రాస్తారు? పోలవరంలో 960 మెగావాట్లు అంటున్నారు, దేవీపట్నం వైపు ఖాళీ చేసిన ఊళ్ళు నేను పడవ మీద వెళ్తూ చూశాను. ఇంకోటి, పైన ఆనకట్టలన్నీ ఒండ్రుని పట్టేసుకుంటున్నాయి. గోదావరి మధ్య మా లంకలు పుట్టిందే ఆ ఒండ్రుతో. కొత్త మట్టి రాకపోతే డెల్టా పెరగదు, సముద్రం కోసుకుంటూ పోతుంది. 24 గ్రాములు అన్న అంకెలో మా లంక లేదు.

సీలేరు_విశ్రాంతి

మునిగిన ఊళ్ళ సంగతి కాదనను బాబూ. మా క్వార్టర్ల వెనక వలస వచ్చిన కుటుంబాలు ఉండేవి, వాళ్ళ బాధ నాకు తెలుసు. కట్టేసినవాటిని బాగా వాడుకోవాలి, కొత్తవి కట్టేముందు వంద సార్లు ఆలోచించాలి. అంతవరకు నీతో ఏకీభవిస్తాను. పెద్ద ఆనకట్టే అక్కర్లేదు కూడా. నిడదవోలు వైపు చెట్టిపేటలో కాలువ పడే చోట ఒక మెగావాట్ చిన్న కేంద్రం ఉంది. ఎవరి ఊరూ మునగలేదు.

ధవళేశ్వరం_లాకులు

నీటి సంగతి వచ్చింది కాబట్టి, గౌతమిగట్టు గారూ, మీ ఊక ప్లాంటుకీ నీరు కావాలి. ఆవిరిని చల్లార్చే టవర్లకి యూనిట్‌కి 4 లీటర్లు వేసుకున్నా రోజుకి ఐదారు లక్షల లీటర్లు. కాలువ పక్కనే ఎందుకు కొన్నారో అర్థమైంది కదా. దాళ్వా అయిపోయాక మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. ఆ ఏప్రిల్, మే నెలల్లో ప్లాంటు ఏం తాగుతుంది? బోర్లు వేస్తుంది. డెల్టాలో లోతుకి తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. మీ ఊళ్ళో తాగునీటి చెరువు, బోర్ల పరిస్థితి ఏంటి?

గౌతమిగట్టు

మా ఊళ్ళో ఇప్పటికే మూడు బోర్లు ఉప్పగా మారాయండీ. ఎండాకాలం పంచాయతీ చెరువు అడుగంటుతుంది. ఈ కోణం నాకు తట్టనే లేదు.

బాయిలర్_బాబాయ్

గాలితో చల్లార్చే కండెన్సర్లు ఉంటాయమ్మా. ఖర్చు ఎక్కువ, కరెంటు కాస్త తక్కువ వస్తుంది, నీరు మాత్రం బాగా మిగులుతుంది. అవి పెట్టమని అడగండి. ఒప్పుకుంటే కంపెనీకి చిత్తశుద్ధి ఉన్నట్టే.

కొత్తపేట_కోడలు

నేను చిన్న విషయం చెప్తాను. మా అత్తగారింట్లో రెండు గేదెలు, ఒక ఆవు. పెరట్లో దీనబంధు మోడల్ గోబర్ గ్యాస్, 2 ఘనపు మీటర్లది. రోజుకి 50 కిలోల పేడ కావాలి. మా ఇంట్లోది చాలక పక్కింటి నుంచి తెచ్చుకుంటాం. రెండు పూటలా అన్నం, కూర, టీ దాని మీదే. సిలిండర్ పండగలకి, చుట్టాలు వచ్చినప్పుడే. మిగిలిన స్లర్రీ కొబ్బరి చెట్లకి. కాకపోతే ఆ పేడ కలిపేది ఎవరు? ఇరవై ఏళ్ళుగా మా అత్తగారు, ఇప్పుడు నేను. వీధిలో ఇలాంటివి ఏడు కట్టారు, మాది ఒక్కటే నడుస్తోంది. పేడ ఎత్తే మనిషి లేక మిగతావి ఆగిపోయాయి. నడిపే మనిషి శ్రమ కూడా లెక్కలో రాయండి ఇంజనీరు గారూ.

ఈఈఈ_కాకినాడ

రాస్తున్నానక్కా.

గోదారి_తమ్ముడు

ఉద్యోగాల మాట? మా ఊళ్ళో డిప్లొమా చేసిన కుర్రాళ్ళు ఇరవై మంది ఖాళీగా ఉన్నారు. ప్లాంటు వద్దంటే వాళ్ళు హైదరాబాదు బస్సు ఎక్కాల్సిందే.

మిల్లు_గుమస్తా

6 మెగావాట్ల ప్లాంటులో మూడు షిఫ్టులకీ కలిపి కొన్ని పదుల మందికే పని. అందులోనూ ఊక ఎత్తేది, బూడిద తోలేది కాంట్రాక్టు కూలీలు. ఎన్ని, ఏ పని, జీతం ఎంత, ఊరి వాళ్ళకి ఎన్ని అని కాగితం మీద రాయించుకోండి. నోటి మాట వద్దు.

గౌతమిగట్టు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న గ్రామసభ అయింది. మీరు చెప్పినవన్నీ రాసుకుని వెళ్ళాను. మాస్టారి 66 వేల ఎకరాల లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే సభ మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. కంపెనీ తరఫున వచ్చినాయన కొన్నిటికి బాగానే జవాబు చెప్పాడు. ఈఎస్‌పీ పెడతారట, డ్రాయింగు ఇస్తానన్నాడు. బూడిద ఇటుకల తయారీకి, సిమెంటుకి తోలతారట. మిల్లులతో ఒప్పందాలు మూడేళ్ళకే ఉన్నాయి, ఆ తర్వాత ఏంటంటే "మార్కెట్‌ని బట్టి" అన్నాడు. ఏప్రిల్, మే నెలల్లో నీటి సంగతి అడిగితే రెండు బోర్లు వేస్తామన్నాడు. అప్పుడు వెనక నుంచి ఆడవాళ్ళే లేచారు. మా వీధిలో బిందెలు మోసేది వాళ్ళే కదా.

తీర్మానం వాయిదా పడింది. గాలి కండెన్సర్ పెడతామని, బొగ్గు కలపబోమని, బోర్లు వేయబోమని రాసిస్తే మళ్ళీ కూర్చుంటామని సర్పంచ్ గారు చెప్పారు. కుర్రాళ్ళు కొందరు నా మీద కోపంగా ఉన్నారు. అది బాధగానే ఉంది.

చెరువుగట్టు_భీమవరం

కుర్రాళ్ళకి చెప్పండి, ప్లాంటు వద్దనలేదు, నీళ్ళు మిగల్చమన్నారు అని. వాళ్ళ ఇళ్ళల్లోనూ తాగేది ఆ నీళ్ళే.

గౌతమిగట్టు

అదే చెప్పానండీ. ఇద్దరు సీఎఫ్ఈ కాగితాలు చదవడానికి నాతో రేపు కాకినాడ వస్తున్నారు.

బాయిలర్_బాబాయ్

ఈఎస్‌పీ డ్రాయింగు చేతికి రాగానే ఫొటో తీసి ఇక్కడ పెట్టమ్మా. ఎన్ని ఫీల్డులు (వరసగా దుమ్ము పట్టే అరలు) ఉన్నాయో చూసి చెప్తాను. రెండే ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు.